నాసి నగరంలో భోజనం

మా మండలి ఒక మంత్రిగారి కడుపునొప్పిలోంచి పుట్టింది. ఆ రోజుల్లో మా రాష్ట్రంలో హోటళ్ళకి దరిద్రపు పేర్లు పెట్టడం వేలంవెర్రిగా ఉండేది. 'పాచినోరు టిఫిన్స్' అనీ, 'దొంగల దిబ్బ మెస్సు' అనీ పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, కింద రంగు దీపాలు పెట్టేవారు. పేరు ఎంత అధ్వాన్నంగా ఉంటే జనం అంతగా ఎగబడేవారు. మంత్రిగారు కూడా సరదాపడి 'తిని చావు బిర్యానీ' అనే చోట తిన్నారు. చావలేదు గానీ మూడు రోజులు మంచం దిగలేదు. నాలుగో రోజున బహిర్భోజన ప్రమాణాల మండలి ఏర్పడింది.

ఇంట్లో తినేది భోజనం, బయట తినేది బహిర్భోజనం అని తేల్చుకోవడానికే మొదటి రెండు సమావేశాలూ సరిపోయాయి. అరుగు మీద కూర్చుని తింటే ఏమిటన్నది ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది. మూడో సమావేశంలో మాత్రం ప్రసిద్ధమైన పదకొండో నియమం చేశారు. 'తన సరుకు హీనతను తన బోర్డుపై తానే ప్రకటించుకొను ఏ భోజనశాలయందును మండలి సభ్యులుగాని, ప్రభుత్వ అతిథులుగాని భుజింపరాదు.' ఈ వాక్యం మీద మా చైర్మన్ వేమవరపు గజాననరావుగారికి పిల్లల మీద కంటే ఎక్కువ ప్రేమ.

నేను మండలిలో అనువాదకుణ్ణి. కుర్రతనంలో నాలుగేళ్ళు మలేషియాలో ఒక ఓడల కంపెనీలో గుమాస్తాగా చేశాను. ఆ కాస్త మలయ్ భాష నా మెడకి చుట్టుకుంది. ఆ దేశంలోని ఓ మహానగరంలో విదేశీ తెలుగు కుటుంబాల మహామేళనం జరుగుతుందనీ, మన వైపునుంచి ఏడువందల మంది వెళ్తున్నారనీ, వాళ్ళు అక్కడ బయట ఎక్కడ తినాలో ముందుగా వెళ్ళి తేల్చమనీ ప్రభుత్వం మమ్మల్ని పంపింది. మేం ముగ్గురం వెళ్ళాం. చైర్మన్‌గారు, సభ్య కార్యదర్శి చింతలూరి భీమేశ్వరంగారు, నేను. భీమేశ్వరంగారు వాస్తు చూడకుండా కుర్చీలో కూడా కూర్చోరు. కాగితం మీద శాకాహారి.

ఊరి పేరు చెప్పను. చెప్పినా చెప్పకపోయినా తిండి విషయంలో అది స్వర్గం. మలయ్‌లు, చైనా వాళ్ళు, తమిళులు, పంజాబీలు, ఇంకా ఏయే దీవులనుంచో వచ్చినవాళ్ళు ప్రతి వీధి మొగలోనూ పొయ్యి పెట్టి ఏదో ఒకటి వేయిస్తూనే ఉంటారు. విమానాశ్రయం నుంచి కారులో వస్తుంటే ఆ వాసనకే నాకు పాతికేళ్ళ కిందటి ఆకలి వేసింది. చైర్మన్‌గారు మాత్రం కళ్ళజోడు సవరించుకుని బోర్డులు చదువుతున్నారు. అక్కడి వాళ్ళు తమ భాషని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారు కాబట్టి చదవడానికి అడ్డేమీ లేకపోయింది.

"నాసి లెమాక్," అన్నారు. కాసేపాగి, "నాసి గోరెంగ్," అన్నారు. తర్వాత కూర్చున్న చోటే నిటారుగా అయి, "నాసి కందార్! ఏమయ్యా, ఊరంతా నాసేనా?" అన్నారు.

"నాసి అంటే మలయ్ భాషలో అన్నమండీ," అన్నాను. ఈ మాట నేను అప్పుడే, అక్కడే అన్నానని ఎక్కడైనా ప్రమాణం చేసి చెప్పగలను. కానీ ఆయన చెవి దగ్గర అప్పటికే ఫోను ఉంది. అవతల మంత్రిగారు.

"సార్, వీళ్ళ నిజాయితీ అమోఘం సార్! నాసిరకం సరుకుని నాసి అని పెద్దక్షరాలతో రాసిపెట్టి మరీ అమ్ముతున్నారు. ఇంతటి పారదర్శకత మన రాష్ట్రంలో ఎప్పటికొస్తుందో సార్!"

ఫోను పెట్టేశాక మళ్ళీ చెప్పాను. ఆయన మొహం కొంచెం పాలిపోయింది. చేతిలోని ఫోను వైపు చూసుకున్నారు.

"మంత్రిగారికి చెప్పేశాను కదయ్యా," అన్నారు చివరికి.

"మళ్ళీ చెప్పచ్చు కదండీ."

"ఏమని? చైర్మన్‌కి అన్నానికీ నాసికీ తేడా తెలియలేదనా?"

ఆ క్షణం నుంచీ మా ఫైల్లో నాసి అంటే నాసిరకమే. సాయంత్రానికల్లా రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. 'మండలి సునిశిత పరిశీలనను ప్రభుత్వము మిక్కిలి ప్రశంసించినది. సదరు నాసి భోజనశాలలన్నింటికీ పదకొండవ నియమమును తు.చ. తప్పక వర్తింపజేయవలెను.'

మర్నాడు పొద్దున్నే పైడమ్మగారి కొట్టుకి వెళ్ళాం. మేళనం మొదటి రోజు ఉదయం ఏడువందల మందికీ ఫలహారం పొట్లాలు ఆవిడ చేతే చేయించాలని అక్కడి తెలుగు సంఘం వాళ్ళు ముందే మాట ఇచ్చారు. మండలి ఆమోదం ఒక్కటే మిగిలింది. రైలు స్టేషన్ పక్కన, మూల మీద, జింకు రేకుల కప్పు. 'పైడమ్మ నాసి లెమాక్' అని ఎర్రటి బోర్డు. కొబ్బరిపాలలో వండిన అన్నం, దాని మీద ఎర్రటి మిరపకాయల ముద్ద, వేయించిన వేరుశనగలు, సన్నటి ఎండుచేపలు, దోసకాయ ముక్కలు, సగం గుడ్డు, అన్నీ అరిటాకులో కట్టిస్తుంది. ఆవిడ ముత్తాత విజయనగరం దగ్గర ఏదో పల్లెనుంచి ఇక్కడి రబ్బరు తోటలకి వచ్చాడట. ముప్ఫై ఏళ్ళుగా ఆ మూల మీద అదే పొయ్యి, అదే మనిషి.

"రండి బాబూ, కూకోండి లా," అంది, మలయ్ వాళ్ళ 'లా'ని తెలుగుకి తగిలిస్తూ. "మా ముత్తాత పుట్టినూరు నాను సూడనేదు. మా యమ్మా సూడనేదు. ఆ దేశం మనుసులు ఏడొందల మంది నా సేతి కూడు తింటారంటే నాకు నిద్దరట్టనేదు బాబూ."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కళ్ళు మెరిశాయి. భీమేశ్వరంగారు మాత్రం కలం తీశారు. "కూడు అను పదము శిష్టవ్యవహారము కాదు. నమోదు చేయండి," అన్నారు.

చైర్మన్‌గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, మీ బోర్డు మీద నాసి అని ఉన్నది."

"ఉంటాది బాబూ. నాసే గదా నానమ్మేది."

చైర్మన్‌గారు నా వైపు తిరిగి, "నేరాంగీకారం. రాసుకో," అన్నారు.

"అయ్యో, నాసంటే కూడే బాబూ!"

"అనగా నాసిరకపు కూడు," అని భీమేశ్వరంగారు సవరించారు.

అరగంట వాదన జరిగాక చైర్మన్‌గారు దయతలిచారు. బోర్డు మార్చుకుంటే ఆమోదిస్తామన్నారు. నాసి అన్న మాట చెరిపేసి ఆ చోట 'ఉత్తమ' అని రాయించమన్నారు. పైడమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

"లెమాక్ అంటే కొవ్వు బాబూ. నాసి తీసీస్తే కొవ్వే మిగుల్తాది. 'ఉత్తమ కొవ్వు' అని బోర్డెడితే రోజూ వొచ్చే మా పోలీసు ఇస్మాయిలు నవ్వి నవ్వి సస్తాడు. ఆ చైనా తాతయితే నాకు మతి పోయిందని మా అప్పకి పోను సేత్తాడు. ముప్పయ్యేళ్ళ బట్టీ తింతన్నోళ్ళు బాబూ, ఆళ్ళకేటని సెప్పను?"

"రెండు రోజులు గడువు," అని చైర్మన్‌గారు లేచారు. ఆవిడ మూడు పొట్లాలు చేతిలో పెట్టబోతే నియమం చూపించి వద్దన్నారు. నాకైతే ఏడుపొచ్చింది. పొద్దున్నుంచీ కాఫీ తప్ప ఏమీ లేదు.

ఇక మిగతా ఊరు. నాసి అని లేని చోటు వెతికి అతిథులకి సిఫారసు చెయ్యాలి. ఇక్కడ భీమేశ్వరంగారు ఒక సూత్రం కనిపెట్టారు. మాట అర్థం విదేశీయం కావచ్చు, కానీ చెవి మాత్రం తెలుగుదే గనక, బోర్డు తెలుగు చెవికి ఎలా వినబడితే అలాగే వర్గీకరించాలి. దీనికి ధ్వన్యనుసార వర్గీకరణ అని పేరు పెట్టి, పేరు పెట్టిన ఆనందంలో ఆకలి మరిచిపోయారు.

అక్కడ సేమియాలా పొడుగ్గా ఉండే నూడుల్స్‌ని మీ అంటారు, వేయించితే మీ గోరెంగ్. "మీ గోరెంగ్! ఎంత గౌరవం! నీ అనలేదు, మీ అన్నాడు," అని చైర్మన్‌గారు ముచ్చటపడి ఆమోదించారు. కూర అనే అర్థంలో కరి అని రాసి ఉన్న కొట్టు దగ్గర, కరి అంటే ఏనుగు కాబట్టి వన్యప్రాణి చట్టం అడ్డొస్తుందని అటవీ శాఖ అభిప్రాయం కోరారు. పాసర్ మలమ్ అన్న బోర్డు దగ్గర నేను సంత అని చెబుతుండగానే ఇద్దరూ ముక్కు మూసుకుని రోడ్డు దాటేశారు.

ఆయం గోరెంగ్ అన్న బోర్డు చూసి భీమేశ్వరంగారి మొహం వెలిగిపోయింది. "చూశారా! ఆయం కట్టి వండుతున్నారు! వాస్తు ఇక్కడిదాకా వచ్చేసింది." నేను చెప్పేలోగా ఒక పళ్ళెం తెప్పించుకుని సగం కానిచ్చేశారు. తర్వాత ఒకటి పైకెత్తి, "ఈ కాయకి గింజ ఇంత పొడుగేమిటి?" అన్నారు.

"ఆయం అంటే కోడండీ."

ఆయన కాసేపు ఆ ఎముక వైపు చూసి, "ఇది రికార్డులోకి వద్దు," అని మిగతా సగం కూడా పూర్తి చేశారు. కానీ ఆ కొట్టు బోర్డు కింద చిన్నక్షరాలతో నాసి ఆయం అని కూడా ఉండటం చైర్మన్‌గారి కంటపడింది. దాన్ని కొట్టేశారు. ఆ లెక్కన చూస్తే మీ గోరెంగ్ అమ్మేవాళ్ళందరూ పక్కన నాసి కూడా అమ్ముతున్నారు. వాళ్ళనీ కొట్టేశారు. రెండు రోజుల్లో నూట నలభై మూడు కొట్లు చూశాం. చివరికి నాసి అన్న మాట ఎక్కడా లేని బోర్డు ఒకటి దొరికింది గానీ, అది టైర్ల కొట్టు.

హోటల్ గదిలో భీమేశ్వరంగారి బిస్కెట్లు ముగ్గురం పంచుకున్నాం. ఊరంతా వంటవాసన కిటికీలోంచి లోపలికొస్తూనే ఉంది. చైర్మన్‌గారు లేచి కిటికీ మూశారు. ఆకలితో మనిషి నియమం మార్చుకుంటాడని మీరు అనుకోవచ్చు. మీకు మండలులు తెలియవు. ఆయన నియమం మార్చుకోలేదు, ఆ దేశం భాషనే మార్పించాలని నిశ్చయించుకున్నారు.

మూడో రోజు పొద్దున్నే నగరపాలక కార్యాలయానికి వెళ్ళాం. రోస్లాన్ అనే అధికారి చాలా మర్యాదగా కూర్చోబెట్టారు. చైర్మన్‌గారు ఒక వినతిపత్రం ఇచ్చారు. మేళనం జరిగే వారం రోజులపాటు నగరంలోని బోర్డులన్నిటి మీదా నాసి అన్న పదాన్ని ఉపసంహరించవలసిందని దాని సారాంశం. నేను అనువదించాను. రోస్లాన్‌గారు రెండుసార్లు చదువుకున్నారు. ఆయనా అధికారే కదా, ఎక్కడా నవ్వలేదు.

"అమూల్యమైన సూచన," అన్నారు. "దీన్ని సంబంధిత ఉపసంఘం దృష్టికి తీసుకువెళ్తాం. దాని బదులు ఏ మాట వాడమంటారు?"

"అన్నం," అన్నారు చైర్మన్‌గారు గంభీరంగా.

మలయ్ భాషలో ఎనం అంటే ఆరు; ఆయన చెవికి అలాగే వినబడింది. రోస్లాన్‌గారు మా ముగ్గురి మొహాలూ ఒకసారి తేరిపార చూశారు. రెండు రోజులుగా సరైన తిండి లేని మొహాలు. ఆయనకి విషయం అర్థమైపోయిందనిపించింది. పక్క గదిలోకి చూసి, "ఎనం," అని ఒక్క మాట అన్నారు. పావుగంటలో అరిటాకులో కట్టిన ఆరు పొట్లాలు బల్ల మీదికొచ్చాయి.

వాసనకే చైర్మన్‌గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. ఐనా సంస్థకి అధిపతి, చెయ్యి వెయ్యలేదు. భీమేశ్వరంగారి వైపు చూశారు. భీమేశ్వరంగారు పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి, "నియమంలో ఉన్నది బోర్డు గురించే. పొట్లానికి బోర్డు లేదు," అన్నారు.

నేను ఒకటి తిన్నాను. భీమేశ్వరంగారు రెండు తిన్నారు. వేయించిన సన్నటి చేపల్ని సముద్రపు వడియాలన్నారు. చైర్మన్‌గారు మూడు తిన్నారు. మూడో దాని ఆకు కూడా వేలితో తుడిచారు. కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి. కారానికే అనుకున్నాను, కానీ ఆయన "మా అమ్మ..." అని మొదలుపెట్టి, అధికారి ముందున్నామని గుర్తొచ్చి ఆపేశారు.

"ఎక్కడివి ఇవి?" అన్నారు తేరుకుని.

"స్టేషన్ పక్కన, మూల మీద. పైడమ్మ నాసి లెమాక్. ఎక్కడ తినాలని ఎవరు అడిగినా మేం అక్కడికే పంపుతాం."

గొప్ప సంతోషం కలిగింది నాకు. ఇక గొడవ తీరిపోయింది, పైడమ్మగారు గట్టెక్కింది అనుకున్నాను. కారులో చైర్మన్‌గారు కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. తర్వాత, "రాసుకో," అన్నారు.

'సదరు పైడమ్మ భోజనశాల ఆహారమును మండలి స్వయముగా పరీక్షించినది. అది అత్యంత ఉత్కృష్టమైనదిగా తేలినది. అయితే బోర్డుపై నాసి అని ప్రకటించి లోపల మేలురకము విక్రయించుట ప్రకటనకును సరుకునకును పొంతన లేని చర్య. ఇది భోక్తను తప్పుదారి పట్టించుటయే. కావున సదరు భోజనశాలను నిషేధించడమైనది.'

"అయ్యా, బాగుందనే కదండీ మీరు..."

"బాగుండబట్టే వచ్చిందయ్యా చిక్కు! నాసిగా ఉండి ఉంటే కనీసం నిజాయితీ అయినా మిగిలేది."

ఉత్తరం నా చేతికే ఇచ్చి అందజేయమన్నారు. నేను వెళ్ళేసరికి పైడమ్మగారి అక్కచెల్లెళ్ళు ముగ్గురు ఎక్కడెక్కడి తోటలనుంచో వచ్చి కూర్చుని ఉన్నారు. కడిగిన అరిటాకులు నిలువెత్తున పేర్చారు. పెద్ద పెద్ద గంగాళాల్లో బియ్యం కడిగి ఉంది. బోర్డు మారలేదు.

"నాకు తెలుగు మాటాడ్డమే వొచ్చు, సదవడం రాదు బాబూ. ఏటి రాసినారు?"

అనువాదకుడిగా ఇరవై ఏళ్ళు పనిచేశాను, ఒక్క వాక్యం మింగలేదు. ఆ రోజు మింగాను. "మీ వంట చాలా గొప్పగా ఉందని రాశారమ్మా. అత్యంత ఉత్కృష్టం అన్నారు. కింద చైర్మన్‌గారి సంతకం, ముద్ర."

ఆవిడ కాగితాన్ని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది. నాకు సిగ్గేసింది.

"పొట్లాలు మేళనానికి తీసుకురానక్కర్లేదట," అన్నాను నేల చూస్తూ.

"మరేటి, ఆళ్ళే ఇక్కడికొత్తారా? అదే మేలు బాబూ. ఏడేడిగా ఒడ్డించొచ్చు!" అని ఆవిడ అక్కచెల్లెళ్ళ వైపు తిరిగి చెప్పేసింది. ఏడువందల మందికి బియ్యం కడిగి కూర్చున్న మనిషికి ఒక్కరూ రారని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. పారిపోయి వచ్చేశాను.

మర్నాడు ఉదయం మేళనం హాల్లో ఏడువందల మందికీ మండలి ఆమోదించిన ఫలహారం ఇచ్చారు. రెండు చల్లటి రొట్టె ముక్కలు, ఒక జామ్ పొట్లం. దాంతోపాటు తలా ఒక 'బహిర్భోజన సూచిక' పంచారు. దాన్ని అచ్చు వేయించింది భీమేశ్వరంగారు. మొదటి పేజీలో 'సిఫారసు చేయబడిన భోజనశాలలు' అన్న శీర్షిక కింద 'లేవు' అని ఉంది. రెండో పేజీలో 'నాసి అయినందున నిషిద్ధములు' అని నూట నలభై మూడు పేర్లు చిన్నక్షరాల్లో ఉన్నాయి. మూడో పేజీ మొత్తం ఒక్క కొట్టుకే కేటాయించారు. 'ఆహారము అత్యంత ఉత్కృష్టముగా ఉన్నందున నిషిద్ధము' అని పెద్దక్షరాలు. అతిథులు పొరపాటున అటు వెళ్ళకుండా ఉండేందుకు పూర్తి చిరునామా, తెరిచే వేళలు, స్టేషన్ నుంచి దారి చూపించే పటం కూడా వేశారు.

హాల్లో రొట్టె నమిలే చప్పుడు మెల్లమెల్లగా ఆగిపోయింది. రాజమండ్రి నుంచి వచ్చిన ఒక పెద్దాయన సూచిక పట్టుకుని నా దగ్గరికొచ్చారు. కళ్ళజోడు మీంచి చూస్తూ, "ఏమండీ, ఈ నిషేధం ఇక్కణ్ణించి ఎంత దూరం?" అని రహస్యంగా అడిగారు.

ఎనిమిదయ్యేసరికి హాల్లో స్వాగతోపన్యాసం చదివేవాడూ, మైకూ మిగిలారు.

నేను పరిగెత్తుకుని వెళ్ళాను. స్టేషన్ చుట్టూ వరుస రెండు మలుపులు తిరిగింది. పట్టుచీరలు, జరీ కండువాలు, పక్కనే రోజూ వచ్చే పోలీసు ఇస్మాయిలు, చైనా తాత, తమిళ టాక్సీ డ్రైవర్లు అందరూ కలిసి నిలబడ్డారు. పైడమ్మగారు మా ఉత్తరాన్ని అద్దం కట్టించి బోర్డు కింద వేలాడదీసింది. వచ్చిన తెలుగువాళ్ళు వచ్చినట్టే దాన్ని చదివి, పడీపడీ నవ్వి, దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకుని, ఇంకో పొట్లం అడుగుతున్నారు. పక్క కొట్లో మీ గోరెంగ్ అమ్మే ఆయన నా చెయ్యి పట్టుకుని, "అలాంటి కాగితం మాకూ ఒకటి ఇప్పించకూడదా? మేమూ బాగానే వండుతాం," అని బతిమాలాడు.

వరుస మధ్యలో చైర్మన్‌గారు కనిపించారు. నన్ను చూసి తడబడకుండా, "నిషేధం అమలు తీరును స్వయంగా పరిశీలిస్తున్నాను," అన్నారు. ఆయన వెనకాల భీమేశ్వరంగారు తూర్పు ముఖంగా నిలబడి ఉన్నారు.

పైడమ్మగారు చెమటలు తుడుచుకుంటూ నన్ను పక్కకి పిలిచింది. మొహం వెలిగిపోతోంది, కానీ నుదుటి మీద చిన్న ముడత ఉంది.

"అందరూ ఆ రాత సదివి నవ్వుతున్నారేటి బాబూ? నిజం సెప్పు. ఏటి రాసుంది?"

ఇక దాచలేకపోయాను. మొదటి అక్షరం నుంచి చివరి ముద్రదాకా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అంటే నాను మోసం సేత్తన్నానని రాసినారా?"

"అవునమ్మా. నన్ను క్షమించండి."

"తినీసి రాసినారా, తినకుండా రాసినారా?"

"తినేసే రాశారు. చైర్మన్‌గారొక్కరే మూడు తిన్నారు."

ఆవిడ వరుసలోకి చూసింది. చైర్మన్‌గారు ముందున్న మనిషి భుజం మీదుగా గంగాళంలోకి తొంగి చూస్తున్నారు. ఆవిడ నుదుటి ముడత విడిపోయింది.

"మూడు తిన్నాక కూడా అలగ రాసినాడంటే కడుపు నిండనేదు బాబూ," అని ఇంకో నాలుగు ఆకులు తీసి బల్ల మీద పరిచింది. "ఆయన్ని ముందుకి పిలువు."